పది బై పది గదికి రెండు టన్నులు

ఎల్లారెడ్డి ఊళ్లో ఉండే సాయిలుకు ఒక జబ్బుంది. ఏ వస్తువు కొన్నా ఎదుటివాడి దానికంటే ఒక మెట్టు పెద్దది కొనాలి. తనకెంత కావాలి, ఉన్న చోటెంత అనే ఆలోచన ఆ బుర్రలోకి దూరదు. వాడిదెంత, నాదెంత, అంతే. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు గానీ, ఆ జబ్బుతో కాపురం చేసింది మాత్రం అనసూయమ్మ ఒక్కతే.

పొలంలో బోరు వేయిస్తే పడ్డది అంగుళం నీళ్లు. పక్క చేను ఆసామి ఐదు హెచ్‌పీ మోటారు దింపాడని ఈ మహానుభావుడు ఏడున్నర దింపాడు. అది బోరులో ఉన్న నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేసి, గాలి పీల్చి, దగ్గి ఆగిపోయేది. ఊట ఊరాక మళ్లీ ఒక గుక్క, మళ్లీ దగ్గు. అలా దగ్గీ దగ్గీ వానాకాలం రాకముందే కాలిపోయింది. "మోటరు మంచిదే. బోరే దానికి తగ్గట్టు లేదు" అని తేల్చాడు సాయిలు. ఆ మాట విన్న రోజే అనసూయమ్మ మొగుడి తెలివి మీద ఆశ వదులుకుంది.

ఈసారి కూడా అలాగే వదిలేసేది. కానీ మధ్యలో బిడ్డ ఉంది.

ఆశ్రిత ఆమెకు ఒక్కతే బిడ్డ. కామారెడ్డిలో సిమెంటు, సలాకల దుకాణం నడిపే పర్శరాములు కొడుక్కి ఇచ్చారు. తొలి కాన్పు తల్లిగారింట్లో, బాలింతకు తల్లి చేతి నీళ్లు అన్నది ఎవరూ కాదనని ఆచారం. అనసూయమ్మకు అది ఆచారం కంటే ఎక్కువ. ఆశ్రితను కన్నప్పుడు తనకు తల్లి లేదు. అత్త సణుగుడు వింటూ, పరాయి చేత నీళ్లు పోయించుకుంటూ, గోడవైపు తిరిగి ఏడ్చింది. నా బిడ్డకు ఈ గతి పట్టనియ్యను అని ఆ పచ్చి ఒంటితోనే అనుకుంది. ఆ ఒక్క కోరిక తీరితే చాలు, ఈ మనిషితో ఇన్నేండ్లు వేగినందుకు గిట్టుబాటు అయినట్టే.

దానికి పర్శరాములు మెలిక పెట్టాడు. కాన్పు కామారెడ్డి ఆసుపత్రిలోనే అని ముందే తేల్చాడు. సరే అన్నారు. తర్వాత ఫోను చేశాడు.

"ఎండలు మండుతున్నయి చెల్లె. ఏసీ లేని ఇంటికి పచ్చి బాలింతను ఎట్ల పంపాలె? మా ఇంట్ల ఒకటిన్నర టన్ను ఉన్నది. మీ ఇంట్ల ఏమున్నది?"

ఇంతకీ ఆ పర్శరాములు చిన్నప్పుడు పడుకున్నది రేకుల కొట్టంలో, దోమల మధ్య. ఇప్పుడు మనుమరాలో మనుమడో పుట్టకముందే ఆ బిడ్డ తరఫున చెమట పడుతున్నాడు. అనసూయమ్మ పళ్లు కొరుక్కుని, "పెట్టిస్తమన్నా. పిల్ల మా ఇంటికే వస్తది" అంది.

చిన్న గది ఒకటి ఉంది, ఇంటికి పడమటి మూలన, పది అడుగులకు పది. మంచం, ఊయల, ఒక స్టూలు పడితే నిండిపోతుంది. వంటింటికి దగ్గర, నీళ్లపోతకు అనువు. దానికి సరిపడా చిన్న ఏసీ ఒకటి పెడితే పని అయిపోతుంది. అనసూయమ్మ ఆలోచన ఇంతే. ఇంత చిన్న ఆలోచనను పాడు చేయడానికి ఇద్దరు పెద్దమనుషులు కావలసివచ్చారు.

ఏసీ కొనడానికి మొగుడూ పెళ్లాలు కామారెడ్డి పోతే, పర్శరాములు షాపు గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. సాయం చేస్తానని వచ్చాడట. తెల్ల అంగీ, జేబులో రెండు పెన్నులు. రాయడానికి ఎన్నడూ వాడని పెన్నులు.

"అన్నా, రూము ఎంత పెద్దగుంటది?" అని అడిగాడు షాపాయన.

అడగరాని మాట అడిగినట్టు సాయిలు మొహం ముడుచుకున్నాడు. "రూముతోని నీకేం పని? నాకు పద్దెనిమిదెకరాల పొలం ఉన్నది."

"పొలంల పెడ్తవా అన్నా ఏసీ?"

"పది బై పది" అంది అనసూయమ్మ.

సాయిలు గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకు ఫ్యాన్లు చూస్తున్న ఇద్దరు ఇటు తిరిగారు. భార్యను పక్కకు లాగి, "బావ పక్కకే ఉండంగ పది బై పది అంటవా? ఇజ్జత్ తీస్తవా నాది?" అని గుసగుసలాడాడు.

"ఉన్నది పదే గదనయ్యా!"

"ఉంటే? చెప్పుకుంటరా?"

షాపాయన, "గంత రూముకైతే ఒక్క టన్ను సాల్తది" అని నోరు తెరిచాడో లేదో, పర్శరాములు పెన్నులు సవరించుకుని, "మాదైతే ఒకటిన్నర" అన్నాడు. అన్నది గాలికి. తగిలింది సాయిలుకు.

"మాకు రెండు" అన్నాడు సాయిలు.

వేలంపాట అక్కడికక్కడే ముగిసింది. షాపాయన కూడా తక్కువ తిన్నవాడు కాదు. ఒక్క టన్ను చాలన్న నోటితోనే, "రెండు టన్నులదైతే నిమిషంల ఐసైతది అన్నా. ఎల్లారెడ్డి మొత్తంల మీ ఇంట్లనే ఉంటది" అని ఎత్తుకున్నాడు. ఇన్వర్టర్ ఏసీ తీసుకోమని, అవసరాన్ని బట్టి తగ్గించుకుని మెల్లగా నడుస్తుందని ఒక మాట అన్నాడు గానీ, "ఇన్వర్టరు మా ఇంట్ల ఉన్నది, పెద్ద బ్యాటరీతోని. మళ్లొకటెందుకు?" అన్నాడు సాయిలు. షాపాయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. మూలకు పడి ఉన్న పాత సరుకు పోతానంటే ఎవడు వద్దంటాడు?

ఏడున్నర మోటారు అనసూయమ్మ కళ్లముందు దగ్గింది. "గంత పెద్దది వద్దయ్యా" అని ఇంకోసారి అంది. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ముగ్గురు మగవాళ్లు అప్పటికే టీ తాగుతున్నారు.

ఏసీ ట్రాలీ ఆటోలో ఎల్లారెడ్డి చేరింది. బస్టాండు మీదుగా తిప్పి తెమ్మని సాయిలే చెప్పాడు. కొబ్బరికాయ కొట్టారు, కుంకుమ పెట్టారు, నిమ్మకాయ కట్టారు. బిగించడానికి బాలరాజు వచ్చాడు. గది వెనక ఉంది కాబట్టి బయటి పెట్టె కూడా వెనక గోడకే పెడదామన్నాడు.

"వెనక పెడ్తె ఎవడు చూస్తడు?" అన్నాడు సాయిలు. "ముందల పెట్టు. రోడ్డు మీదికి కనపడాలె."

అలా బయటి పెట్టె ఇంటి ముందు, హాలు గోడకు, దారినపోయేవాళ్ల కంటికి ఎదురుగా కూర్చుంది. అక్కడినుంచి రాగి పైపు గోడ పొడుగునా పాకి ఇల్లంతా చుట్టి వెనక గదిలో దూరింది. చూసి మెచ్చుకోవడానికి వాడకట్టంతా వచ్చింది. సాయిలు ప్రతి ఒక్కరికీ "రెండు" అని రెండు వేళ్లు చూపించాడు. లోపల ఎవరు పడుకోబోతున్నారో, వాళ్లకెలా ఉండబోతుందో ఒక్కరూ అడగలేదు.

మే నెల మొదట్లో ఆశ్రితకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తల్లీపిల్లలను తీసుకుని అనసూయమ్మ ఇంటికి వచ్చిన రోజు, తన కడుపులో ఎన్నో ఏండ్లుగా ముడిపడి ఉన్నదేదో విడిపోయినట్టనిపించింది. వేడినీళ్లు పోసింది. జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టింది. చెవులకు గుడ్డ కట్టింది. పసిదాన్ని పక్కలో వేసి తలుపు దగ్గరకు వేసింది.

ఏసీ వేశారు. గుర్రుమంది. కాసేపటికే గది మంచుగడ్డ అయింది. పసిదాని పాదాలు చల్లబడ్డాయి. ఆశ్రిత పండ్లు టకటకలాడాయి. టక్కుమని యంత్రం ఆగిపోయింది. ఆగడమే ఆలస్యం, పొద్దంతా ఎండ తాగిన పడమటి గోడ, పైన స్లాబు, తాగిన వేడినంతా కక్కాయి. గదిలో ఉక్క. చల్లదనం పోయి తేమ మిగిలింది. పక్కబట్టలు జిగటగా ఒంటికి అంటుకున్నాయి. మళ్లీ గుర్రు. పసిది ఉలిక్కిపడి ఏడుపు. మళ్లీ మంచు, మళ్లీ టక్కు, మళ్లీ ఉక్క.

గుక్క, దగ్గు. గుక్క, దగ్గు. అనసూయమ్మకు ఆ యంత్రం కొత్తది కాదు. పొలంలో చూసిందే.

రిమోటు సాయిలు అంగీ జేబులో ఉంది, పదహారు దగ్గర పెట్టి. ఆమె లాక్కుని ఇరవై ఏడుకు పెంచింది. అప్పుడు ఇంకా అధ్వానం. ఇలా మొదలై అలా ఆగిపోతోంది. గాలిలోని తేమ తగ్గేంతసేపు కూడా నడవదు. పొత్తిళ్ల గుడ్డలు ఆరడంలేదు, గది మూలన బూజు వాసన. పూర్తిగా ఆపేస్తే పెనం. నాలుగు రోజులు తిరిగేసరికి పసిదాని మెడ మడతల్లో చెమటకాయలు లేచాయి. ఆశ్రిత కళ్లకింద నల్లగా గుంటలు పడ్డాయి.

"అమ్మా, నాకు నిద్ర లేదే. కామారెడ్డి పోత" అంది ఆశ్రిత ఒకరోజు, తల్లి మొహం చూడకుండా. "నువ్వు బాధపడకు. ఆడనన్న పిల్ల పండుకుంటది."

బాధపడకు అంటే బాధ ఆగుతుందా? అనసూయమ్మ పొయ్యి దగ్గరకు పోయి పొగ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. అదే రోజు పర్శరాములు ఫోను. "ఆదివారం వస్తున్న చెల్లె. పిల్ల ఒంటి మీద ఒక్క పొక్కు కనపడ్డా, బండిల ఎక్కిచ్చుకొనే పోత."

ఆమె సాయిలు దగ్గరకు పోయింది. అతను హాల్లో, ప్లాస్టిక్ కవరు తీయని సోఫా మీద కూర్చుని ఉన్నాడు. ఆ హాలు అతని దర్బారు. పన్నెండుకు ఇరవై అడుగులు, తూర్పు మొహం, ముందు వసారా నీడ. ఎదురు గోడకు అతని నిలువెత్తు ఫోటో, రెండు చేతులూ జోడించి. సొసైటీ డైరెక్టరుగా నిలబడి చిత్తుగా ఓడిపోయిన ఏడాది తీయించుకున్నది. ఓట్లు వేయని ఊరికి ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు గోడ మీద.

"గా ఏసీ వాపసిచ్చి చిన్నది తెద్దాం. షాపుల అడుగు" అంది.

"వాడకట్టంత చూసినంక చిన్నదా? నలుగుట్ల తలకాయ ఎత్తుకోవాల్నా వద్దా?"

"పిల్లకు సలి పెడ్తున్నది."

"సలి పెడ్తె కుంపటి పెట్టు మంచం కింద. బాలింతకు మంచిదే గద, పాతకాలం నుంచి పెడ్తనే ఉన్నరు."

గదిని మంచు చేసే యంత్రం ఒకటి, ఆ మంచుకు విరుగుడుగా కింద నిప్పులు. ఈ మనిషికా తను ఇన్నేండ్లు అన్నం వడ్డించింది!

"తలుపులేసిన అర్రల బొగ్గుల కుంపటి పెడ్తె పొగకు తల్లీపిల్లలు పోతరు. నీ టన్నులు పాడుగాను! నీ బిడ్డ నిద్ర కంటే నీకు గా డబ్బా ఎక్కువైందా?"

"ఏసీ మంచిదే" అన్నాడు సాయిలు టీవీ వైపు చూస్తూ. "రూమే దానికి తగ్గట్టు లేదు."

అచ్చం ఆ బోరు మాటే. కోపంతో మొదలైంది చీదరగా మారింది. లేచి వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగింది. బోరును వెడల్పు చేయలేము. కానీ గది మార్చొచ్చు. వెనక్కి తిరిగి హాలును ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది. తర్వాత కిటికీలోంచి, ముందుగోడకు ఊరేగుతున్న బయటి పెట్టెను చూసింది. మొగుడి గొప్ప ఇన్నాళ్లకు ఒక్క పనికి వచ్చేలా ఉందని ఆమెకు అప్పుడే తట్టింది.

శనివారం సాయిలు దోస్తులతో పోచారం దావతుకు పోయాడు. చెరువు గట్టున కోడికూర వండుకుని, ఏసీ గురించి చెప్పుకోవడానికి. అతని బండి చప్పుడు మలుపు తిరగగానే అనసూయమ్మ బాలరాజుకు ఫోను చేసింది.

"హాల్లకు మార్చాల్నా అమ్మా?" బాలరాజు గోడ చూసి తల గోక్కున్నాడు. "బాక్సు ముందలనే ఉన్నది గాబట్టి అల్కగనే అయితది. గోడకు అవుతల అది, ఇవుతల ఇది. గనీ పెట్టాల్సిన జాగల అన్న ఫోటో ఉన్నది."

"తియ్యి."

"అన్నను అడిగి..."

"నేను అడుగుత తియ్యి."

డ్రిల్లు గోడలోకి దిగింది. జోడించిన చేతులు ఉన్న చోట గుండ్రని కన్నం పడింది. సోఫా వసారాలోకి పోయింది, టీపాయ్ దాని వెనకే. షోకేసులో గాజు బొమ్మలు ఉన్నచోట పొత్తిళ్ల గుడ్డలు, ఆముదం సీసా, పసుపు డబ్బా సర్దింది. వంటింటివైపు తెరిచి ఉన్న ఆర్చికి మందపాటి దుప్పటి అడ్డం కట్టింది. మంచం ఏసీ గాలి నేరుగా తగలని మూలకు జరిపించింది. ఊయల దాని పక్కన. ఫోటోను పడమటి గదిలో, ఊడదీసిన ఏసీ చోట తగిలించింది. ఆ గోడలో పాత పైపు కన్నం నోరు తెరుచుకునే ఉంది.

ఏసీ వేసి ఇరవై ఏడు దగ్గర పెట్టింది. గుర్రుమన్నది. నడిచింది. నడుస్తూనే ఉంది. గది పెద్దది కాబట్టి దానికి చేయడానికి పని దొరికింది. మెల్లమెల్లగా ఉక్క విరిగింది. ఆరేసిన గుడ్డ ఆరింది. పసిది ఒకసారి పెదవులు చప్పరించి, చేతులు రెండూ తలపక్కన పారేసి నిద్రపోయింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆశ్రిత కూడా కూర్చున్న చోటే ఒరిగిపోయింది. అనసూయమ్మ బిడ్డ కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఊరికే చూసింది. తనకు దొరకనిది తన బిడ్డకు దొరికింది. ఆ సంతోషానికి ఆమెకు ఏడుపొచ్చింది, ఈసారి పొగ వంక లేకుండానే.

పొద్దుగూకే వేళకు సాయిలు వచ్చాడు. వసారాలో సోఫా చూసి ఆగాడు. హాల్లో అడుగుపెట్టి, తన ఫోటో ఉండాల్సిన చోట ఏసీని చూసి, నోరు పెద్దగా తెరిచాడు.

"మెల్లగ" అంది అనసూయమ్మ. "పిల్ల పండుకున్నది."

అరుపు గొంతులోనే ఆగింది. "నా హాలు... రేపు బావ వస్తున్నడే! యాడ కూసుంటడు?"

"వసారల. పెద్ద ఇండ్లల్ల చుట్టాలు ఆడనే కూసుంటరు."

మర్నాడు పర్శరాములు రెండు పెన్నులతో దిగాడు. అనసూయమ్మ కాళ్లు కడిగించి లోపలికి తీసుకుపోయింది. అతను మనుమరాలి మెడ మడతలు వెతికాడు. ఒక్క రాత్రి ఒళ్లు ఆరేసరికి చెమటకాయలు చాలావరకు అణిగి సరిగ్గా కనిపించడం లేదు. కోడలి మొహం చూశాడు.

"మామా, నిన్నటి సంది మంచిగ నిద్ర పడ్తున్నది. నేను ఈడనే ఉంట" అంది ఆశ్రిత.

పర్శరాములు జేబులో పెన్నులు సవరించుకున్నాడు. వసారాలోకి వచ్చి కూర్చుని, "అదేంది బావా, హాలంత ఇచ్చినవ్?" అన్నాడు.

టీ పట్టుకుని వస్తున్న అనసూయమ్మ గుమ్మంలో ఆగింది. ఇప్పుడు ఏం చెబుతాడో వినాలి.

సాయిలు వెనక్కి వాలి, కాలు మీద కాలు వేశాడు. "రెండు టన్నులంటే ఆషామాషీ గాదు బావా. దానికి హాలే కావాలె. చిన్న రూముల పెడ్తె దానికి అవమానం. నేనే అన్న, తియ్యుండ్రి నా ఫోటో, బిడ్డకంటే ఎక్కువనా అని."

టీ గిన్నె ఆ తల మీద బోర్లించాలని అనసూయమ్మకు ఎంత కోరిక పుట్టిందో ఆమెకే తెలుసు. కానీ పర్శరాములు మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంలో ఈర్ష్య పాకుతోంది, ఎండిన గడ్డికి నిప్పంటుకున్నట్టు.

"రెండున్నర టన్నులది దొరుకుతదా బావా?" అన్నాడతను మెల్లగా.

దొందూ దొందే. ఆమె టీ ఇచ్చేసి లోపలికి పోయింది. పర్శరాములు కోడలిని బండెక్కించుకోకుండానే కామారెడ్డి పోయాడు. దారిలో షాపు ముందు ఆగే ఉంటాడు.

మధ్యాహ్నం అన్నం తిని సాయిలు ఎక్కడ నడుం వాల్చాలో తెలియక ఇల్లంతా తిరిగాడు. హాల్లోకి తొంగిచూస్తే అనసూయమ్మ కళ్లతోనే వెళ్లగొట్టింది. వసారాలో వడగాలి. చివరికి పడమటి గదికి పోయాడు. పైన స్లాబు కాలుతోంది, పక్కన గోడ కాలుతోంది, ఫ్యాను ఆ వేడినే తెచ్చి మొహాన కొడుతోంది. పాత పైపు కన్నంలోంచి ఎండ నేరుగా అతని కడుపు మీద పడింది. గోడమీది సాయిలు చేతులు జోడించి కిందున్న సాయిలుకు దండం పెడుతున్నాడు.

ఎంత పొర్లినా నిద్ర రాలేదు. లేచి బనియను విప్పాడు. గోడకు గోడకు మధ్య ఒకసారి నడిచాడు. నాలుగు అంగలు పడ్డాయో లేదో ఎదురు గోడ తగిలింది. అటు కూడా నడిచి చూశాడు. అప్పుడు హాలు తలుపు దగ్గరకు వచ్చి, సందులోంచి మెల్లగా పిలిచాడు.

"అనసూయా, గా అర్ర పది బై పదే ఉన్నట్టున్నది గదనే!"

అనసూయమ్మ పసిదాని మీద దుప్పటి సరిచేసి లేచి వచ్చింది.

"షాపుల గదే అడిగిండ్రు" అని, చల్లగాలి పోకుండా తలుపు వేసుకుంది.